కాగితపు చుట్టలో పాట

తాజ్ మొహమ్మద్ తన పనిముట్లను తూకానికి ఇచ్చేస్తానన్నాడు.

పక్షవాతం వచ్చి ఏడాది దాటింది. నడక తిరిగి వచ్చింది. మాట వచ్చింది. కుడిచేతికి మాత్రం పట్టు రాలేదు. హార్మోనియంలు బాగుచేసే మనిషి అతను. ఉలులు, పట్టకార్లు, తోలు కోసే కత్తి అన్నీ సంచిలో సర్ది గుమ్మం పక్కన పెట్టాడు. పటాన్‌చెరులో పాత ఇనుము కొనే నర్సింహకు ఫోను చేశాడు.

భార్య కుల్సుమ్ కుట్టుమిషన్ మీద ఉంది. బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. సంచిని కింద పెట్టిన చప్పుడుకు ఆమె కాళ్లు ఆగాయి. తలెత్తలేదు. కాసేపటికి మళ్లీ తొక్కింది.

సంగారెడ్డి నుంచి జిన్నారం దాకా ఆ సంచి తిరగని ఊరు లేదు. భజన మండళ్ల హార్మోనియం పెట్టెలు, చర్చి పెట్టెలు, ఖవ్వాలీ వాళ్ల పెట్టెలు దాని ముందు విప్పుకున్నాయి. పని నేర్పిన తండ్రి తాజ్‌కు మొదట చెప్పింది ఒకటే. చెవి ఆనించి, గాలి ఎక్కడ పోతుందో విను. పాట తర్వాత. తాజ్‌కు పాటలు పెద్దగా రావు. గాలి తెలుసు. కీబోర్డులు వచ్చాక పని తగ్గింది. తగ్గినా అతను రోజూ ఆ సంచి విప్పేవాడు, తుడిచేవాడు, కట్టేవాడు. జబ్బు చేశాక విప్పలేదు.

నర్సింహ ట్రాలీ ఆటోలో వచ్చాడు. సంచిని ఒక చేత్తో లేపి చూశాడు.

"గిది ఎంత తూగుతది తాజన్నా? నా డీజిలుకు గూడ రాదు."

"పైసలెవరు అడిగిండ్రు? ఊకె తీస్కపో."

"ఊకె తీస్కపోతే వదిన నన్ను కత్తెరతోని కోస్తది."

"కత్తెర పదును పోతది," అంది కుల్సుమ్, సూది మీది నుంచి చూపు తీయకుండా.

నర్సింహ సంచిని ఉన్నచోటే పెట్టాడు. కుల్సుమ్ వైపు ఒకసారి చూశాడు.

"నా షెడ్డుల ఒక పియానో పడ్డది అన్నా. మూతపడ్డ ఫ్యాక్టరీ గెస్ట్‌హౌస్ సామానుల వచ్చింది. లోపల ఇనుప చట్రం మస్తు బరువున్నది, అందుకే కొన్న. పగలగొడుదామని సుత్తి లేపిన. సూస్తె కింద తొక్కుడు పలకలున్నయి, నడుమల కాగితం చుట్ట ఉన్నది. చెయ్యి రాలేదు. నువ్వొచ్చి సూడు. పగలగొట్టుమంటె పగలగొడ్త. నీ సంచి గూడ ఆన్నే తూకం ఏస్త."

తాజ్ వెళ్లాడు. సంచిని కుల్సుమ్ మోసింది.

హైవే పక్కన రేకుల షెడ్డు. డ్రమ్ములు, మోటార్లు, విరిగిన కుర్చీల మధ్య పియానో ఉంది. ముందు పలక తీస్తే కాగితపు చుట్ట కనిపించింది. కాగితం నిండా చిన్న రంధ్రాలు. దాని వెనక ఇత్తడి పట్టీ, దానికీ రంధ్రాలే. ఒక్కో రంధ్రం నుంచి ఒక్కో రబ్బరు గొట్టం లోపలికి పోతోంది. తాజ్ ఎడమచేత్తో ఒక గొట్టాన్ని ముట్టుకున్నాడు. బిస్కెట్టులా విరిగింది.

చాలాసేపు వంగి చూశాడు. తర్వాత నవ్వాడు. కుల్సుమ్ ఆ నవ్వును ఏడాది తర్వాత మళ్లీ ఇప్పుడే చూసింది.

"ఇది హార్మోనియానికి తిరగబడ్డ బిడ్డ," అన్నాడు. "అది గాలి ఊదుతది. ఇది పీలుస్తది. కాగితం రంధ్రం ఏడ వస్తే ఆడ వేలు నొక్కకుంటనే మెట్టు పడ్తది. మనిషి తొక్కాలె, అంతే."

"మరి పగలగొట్టాల్నా?" అన్నాడు నర్సింహ.

"జెర ఆగు."

కూతురు ఇక్రా సుల్తాన్‌పూర్‌లో, సెలైన్ గొట్టాలు తయారుచేసే కంపెనీలో పనిచేస్తుంది. తండ్రి చెప్పిన కొలత విని, సూపర్‌వైజర్‌ను అడిగి, పక్కన పడేసిన గొట్టం ఒక చుట్ట ఇంటికి తెచ్చింది. ఆదివారాలు ముగ్గురూ షెడ్డుకు వెళ్లారు. తాజ్ స్టూలు మీద కూర్చుని చెప్పేవాడు. ఇక్రా గొట్టాలు కోసి తొడిగేది. కుల్సుమ్ గాలితిత్తుల పాత గుడ్డ తీసి కొత్తది కత్తిరించి అంటించేది. సంచి విప్పారు. కాని తాజ్ అందులో చెయ్యి పెట్టలేదు. ఏది కావాలో వేలితో చూపేవాడు.

చుట్ట అంచు మీద అతికించిన చీటీని ఇక్రా చదివింది. రాగ్‌టైమ్ అని ఉంది. ఫోనులో వెతికి, గొట్టాలు తొడుగుతూ తండ్రికి చెప్పింది.

నూరేళ్ల కింది సంగతి. అమెరికాలో నల్లజాతి వాయిద్యగాళ్లు కల్లు దుకాణాల్లాంటి చోట్ల పియానో మీద ఈ బాణీ వాయించేవారు. ఎడమచెయ్యి కవాతులా అడుగు తప్పకుండా నడుస్తుంది. కుడిచెయ్యి ఆ అడుగుల మీద పడదు. అడుగుకూ అడుగుకూ మధ్య పడుతుంది. ఆ విరుపు కోసం జనం ఎగబడ్డారు. వాయించడం రాని ఇళ్లకు కాగితపు చుట్టలు అమ్మారు. తర్వాత కొత్త సంగీతం వచ్చింది, దీన్ని మరిచిపోయారు. చుట్టలు అటకలెక్కాయి, పాటలు కట్టినవాళ్లలో చాలామంది పేరు లేకుండా పోయారు. చాలా ఏళ్లకు కొందరు ఆ అటకలు వెతికి, దుమ్ము దులిపి, మళ్లీ వాయించారు. మళ్లీ లోకం విన్నది.

"ఎడమచెయ్యి నడుస్తది, కుడిచెయ్యి తప్పిస్తది," అన్నాడు తాజ్. తన చేతులు చూసుకున్నాడు. "నాలెక్కనే."

ఇక్రా ఇంకో గొట్టం తొడిగింది.

అన్నీ బిగించిన రోజు నర్సింహ తూకం యంత్రాన్ని పక్కకు జరిపి చోటు చేశాడు. తాజ్ హార్మోనియం పరీక్షించే పద్ధతే చెప్పాడు. గాలి గట్టిగా పట్టి, వేగంగా పోనిచ్చి చూడాలి. ఎక్కడ కారినా అప్పుడే తెలుస్తుంది. కాగితం తిరిగే వేగాన్ని మార్చే పుల్లను చివరిదాకా జరిపించాడు. ఇక్రా కూర్చుని, బలమంతా పెట్టి తొక్కింది.

మెట్లు వాటంతటవే పడ్డాయి, లేచాయి. పాట ఉరికింది.

"పెండ్లి బరాత్ పాట లెక్క ఉన్నది," అని నర్సింహ భుజాలు ఎగరేశాడు. "గుర్రం తోలుకొస్త ఆగుండ్రి."

తాజ్ మొహం చిన్నబోయింది. పాట ఉంది, విరుపు లేదు. రెండు చేతులూ కలిసి ఒకే పరుగు. అప్పుడే కాగితం అంచు చిరిగింది. ఇక్రా కాళ్లు ఆపింది.

"చంపిన దాన్ని," అన్నాడు తాజ్. "హార్మోనియం అనుకున్న. కాగితమని యాదికి లేదు. ఇగ చాలు నర్సింహా. సంచి తూకం ఎయ్యి."

నర్సింహ సంచి అందుకున్నాడు, కాని తూకం మీద పెట్టలేదు.

"అబ్బా, ఫోనుల ఇంకోటి ఉన్నది," అంది ఇక్రా తండ్రితో మెల్లగా. "పాటలు కట్టినోళ్లే కాగితం మీద రాసిండ్రంట. జల్దీ వాయించొద్దని."

"రాస్తె ఏమైతది? తొక్కే కాళ్లకు తెల్వాలె గద."

కుల్సుమ్ వచ్చి చిరుగు చూసింది. పలచని కాగితం ముక్కకు మైదా జిగురు రాసి, వెనక నుంచి అతికించింది. రంధ్రాల మీద పడకుండా గోటితో అదిమింది. ఆరేదాకా కొంగుతో విసిరింది. తర్వాత కూతురి భుజం తట్టింది.

"నువ్వు లే బేటీ. నీవి కంపెనీ కాళ్లు, ఉరుకుతయి."

ఆమె కూర్చుంది. చెప్పులు విడిచింది. వేగం పుల్లను తనే వెనక్కి లాగింది. మెత్తటి గుడ్డ సూది కింద ముడుచుకోకుండా నడిపే కాళ్లు అవి. తొక్కడం మొదలుపెట్టింది.

పాట నడిచింది. కింది మెట్ల మీద ఒక్కో అడుగు, తొందర లేకుండా. పైమెట్ల మీద ఇంకెవరో ఆ అడుగులను తప్పించుకుంటూ, వెనకబడి, నవ్వుతూ వచ్చి అందుకుంటున్నట్టు. హైవే మీద లారీలు పోతున్నాయి. నర్సింహ భుజాలు ఎగరేయలేదు.

"ఇక్రా అబ్బా," అంది కుల్సుమ్ భర్తతో, వెనక్కి తిరగకుండా. "ఇట్ల రాండ్రి. నా పక్కన కూసోండ్రి."

తాజ్ వచ్చి కూర్చున్నాడు. ఆమె ఒక చేత్తో అతని కుడిచేతిని ఒళ్లోంచి తీసి పైమెట్ల మీద పెట్టింది. కాళ్ల నడక మారలేదు.

మెట్లు కిందికి పోయినప్పుడు అతని వేళ్లు పోయాయి. లేచినప్పుడు లేచాయి. పట్టు లేని వేళ్లను పాట ఎత్తుతోంది, దించుతోంది. తాజ్ వాటిని వేరొకరి వేళ్లను చూసినట్టు చూశాడు. కుల్సుమ్ చూడలేదు. ఆమె తన కాళ్ల నడక చూసుకుంది.

కొంతసేపటికి అతని కనుబొమలు ముడిపడ్డాయి.

"ఆపకు," అన్నాడు. "ఉంగరం వేలు లేస్తలేదు."

"నొస్తున్నదా?"

"వేలుది కాదు. దాని కింద మెట్టు పడ్తలేదు. గొట్టం ఏడనో ఒత్తుకున్నది."

అతను లేచి పక్క పలక దగ్గర వంగాడు. చెవి ఆనించాడు. కుల్సుమ్ అదే నడకతో తొక్కుతోంది.

నర్సింహ సంచి పట్టుకుని తూకం దగ్గర నిలబడి ఉన్నాడు. తాజ్ వెనక్కి చూడకుండా ఎడమచెయ్యి చాపాడు.

"చిన్న పట్టకారు ఇటియ్యి."