కాకిని తరిమిన ఉడత

మా పెరట్లో స్ప్రూస్ చెట్టు మీద ఒక ఎర్ర ఉడత ఉంటుంది. మన దేశపు ఉడతల్లా వీపు మీద గీతలు లేవు, ఆ మెతకదనమూ లేదు. ఉన్నది పిడికెడు, కోపం మాత్రం బండెడు. తనకంటే పెద్దవైన బూడిదరంగు ఉడతల్ని కూడా కిచకిచమని తిట్టి తరిమేస్తుంది. నోరు గలదాన్నని నాకూ పేరుంది కాబట్టేమో, దాన్ని చూస్తే ముచ్చటేసేది.

మా ఆయనకి ఉడతలంటే పడదు. ఒకసారి అటక మీద వైర్లు కొరికేశాయి. వాటికి గింజ కూడా వేయొద్దన్నారు. సరేనన్నాను. ఆయన కారు వీధి మలుపు తిరగగానే ఏప్రన్ జేబులో పల్లీలు పోసుకుని ఇంటి వెనక చెక్క అరుగు, అదే డెక్ మీదికి వెళ్లేదాన్ని. చివరికి అది నా చేతిలోంచే తీసుకోవడం మొదలుపెట్టింది. డెక్ దాని జాగీరైపోయింది. పిట్టలు వాలడం మానేశాయి. నేను పట్టించుకోలేదు.

ఇవాళ అత్తగారి సంవత్సరీకం. ఆవిడ మా దగ్గరే, ఈ ఇంట్లోనే పోయారు. పంతులుగారు వెళ్లాక మా ఆయన అన్నం ముద్ద, పక్కన గారె పెట్టిన ఆకును డెక్ చివర ఉంచారు. కాకి ముట్టందే ఆయన భోంచేయరు. కాసేపటికి కంచె మీద ఒక కాకి వాలింది. ఉడత చెట్టు దిగి దాని మీదికి ఉరికింది. కాకి లేచిపోయింది. మరొకటి వచ్చింది, దానికీ అదే మర్యాద.

ఉడతకి దడిసిందని ఆయన అనుకోలేదు. చేతులు జోడించి నిలబడ్డారు.

"అమ్మా, చివర్లో ఒక్క గారె అడిగావు. డాక్టర్ ఆయిల్ వద్దన్నాడని నేనే పెట్టనివ్వలేదు. కోపం పెట్టుకోకు, తిను."

ఆ సంగతి నాకే తెలియదు. ఏడాదిగా లోపలే దాచుకున్నారన్నమాట. సిగ్గుతో చచ్చిపోయాను. నోరు తెరిచేలోపు ఉడత తిన్నగా నా కాళ్ల దగ్గరికి వచ్చి, నా చేతికేసి చూస్తూ నిలబడింది. ఆయన దాన్ని చూశారు, తర్వాత నన్ను చూశారు.

"అత్తయ్యగారికి కోపం లేదండీ. కాకిని రానివ్వనిది ఇది. దీన్ని అలవాటు చేసింది నేను," అన్నాను.

"ఈ మాట ఇందాకే చెప్పకూడదా?" అన్నారు. అరిచినా బాగుండేది.

లోపలికి వెళ్లి ఇంకో ఆకులో అన్నం, గారె పెట్టుకుని వచ్చారు. దాన్ని ఇంటి ముందు పెడతానని, ఉడత అటు రాకుండా చూడమని చెప్పి వెళ్లారు.

నేను మెట్టు మీద కూర్చుని ఒక్కో పల్లీ అందిస్తున్నాను. ఆయన కోసం రండి అత్తయ్యగారూ, నా మీద కోపముంటే తర్వాత చూసుకుందాం అని మనసులోనే బతిమాలుతున్నాను. ముందు వైపు నుంచి కాకి అరుపు ఇంకా వినబడలేదు. జేబులో పల్లీలు అయిపోవస్తున్నాయి.