సావుకారు కారు వెనక బ్రేకు

ఇప్పుడు కారు కింద దూరాలంటే ముందు నడుముకు నచ్చజెప్పుకోవాలి, లేచేటప్పుడు ఇంకోసారి బతిమాలుకోవాలి. ఆ రోజుల్లో అట్లా కాదు. ఇరవై ఏళ్లవాణ్ని, ఏ ఇనుము కదలకపోయినా నా బలం ఇంకా చాలలేదనే అనుకునేవాణ్ని తప్ప, నా బుర్ర మీద నాకు ఏనాడూ అనుమానం రాలేదు. గద్వాలలో మాది చీరలు నేసే ఇల్లు. ఆరేళ్లు నేనూ మగ్గం మీద కూర్చున్నాను. ఆ మగ్గం గుంటలో కాళ్లు వేలాడేసుకుని బతకడం నావల్ల కాదని చెప్పి బస్టాండు దగ్గర ఒక కార్ల షెడ్డులో పనికి చేరాను. అప్పటికే నాయనకు చూపు మందగించింది. తెగిన పోగు కనబడక వేళ్లతో తడుముకునేవాడు. "జర నువ్వు కూసోరాదురా" అని రోజూ అడిగేవాడు. నేను రోజూ వినబడనట్టు అన్నం తిని లేచేవాణ్ని (చెవుడు నటించడంలో నాకప్పటికే మంచి అనుభవం).

ఒకరోజు షెడ్డు నడిపే మా ఉస్తాద్ పెండ్లికని కోడేరుకు పోతూ "పెద్ద పనులు ముట్టకు" అని గట్టిగా చెప్పిపోయాడు. ఆయన అటు పోగానే మా నాయన చీరలు నేసిచ్చే సావుకారు కారులో దిగాడు. పక్క సీట్లో నాయన. వెనక బ్రేకు కీచుమంటోందట, తెల్లారితే ఇంటిల్లిపాదీ అలంపూరుకు మొక్కు తీర్చుకోను పోవాలట. "నీకొస్తదా పిలగా?" అన్నాడు సావుకారు. "గదెంత పని, రెండు గంటల్ల ఇస్త" అన్నాను. "తెల్వని పని నెత్తికెందుకు ఎత్తుకుంటవురా?" అన్నాడు నాయన మెల్లగా. సావుకారు ముందర ఆ మాట అనేసరికి నాకు రోషం పొడుచుకొచ్చింది. "పొద్దుగూకేవరకు గీ కారు నడవకుంటే రేపటి సంది మగ్గం కాడనే కూసుంట, సరేనా?" అన్నాను.  నాయన ముఖంలో చాలా రోజుల తర్వాత ఆశలాంటిదేదో కనబడింది.

పని నిజంగానే చిన్నది. అరిగిన బ్రేకు ప్యాడ్లు తీసి కొత్తవి పెట్టాలి. కొత్తవి మందంగా ఉంటాయి గనక, ప్యాడ్లను నొక్కుతూ బయటికి జరిగిన పిస్టన్‌ను ముందు లోపలికి పంపాలి. ముందు చక్రాల దగ్గర ఉస్తాద్ క్లాంపు పెట్టి బిగిస్తే అది సాఫీగా లోపలికి పోవడం ఎన్నోసార్లు చూశాను. వెనకదీ అంతే కదా అని బిగించాను. కదలలేదు. క్లాంపు పిడికి పైపు తొడిగి బిగించాను. కదలలేదు. కాళ్లు రెండూ గోడకు తన్ని పెట్టి బిగిస్తే క్లాంపు వంగింది. పక్కన చాయ్ హోటల్ పెద్దాయన వచ్చి "గదానికి చలి పుట్టినట్టుంది, వేన్నీళ్లు పొయ్యరా" అన్నాడు. పోశాను. పిస్టన్‌కు ఏమీ కాలేదు, నా కాలు కాలింది. ఉస్తాద్‌కు ఫోన్ చేస్తే బంద్. నా చేతిలోనేమో బొత్తాల ఫోను, అందులో పాము ఆట తప్ప ఇంకేమీ లేదు. మధ్యాహ్నం దాటేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. చేతులు బొబ్బలెక్కి, చక్రం ఊడిన కారు పక్కన నేల మీద కూలబడ్డాను. మగ్గం గుంట కళ్ల ముందు కనబడుతోంది. నిజం చెప్పాలంటే ఏడుపొచ్చింది.

నాలుగింటికి నాయన జొన్నరొట్టెల మూట పట్టుకుని వచ్చాడు. నన్ను చూశాడు, వంగిన క్లాంపును చూశాడు. గొంతుక్కూర్చుని, పిస్టన్ ముఖం మీద వేలు తిప్పి తడిమాడు.

"గీ గాట్లు ఎందుకున్నయిరా?"

"ఏమో నాయనా, షోకుకు పెట్టినట్టున్నరు."

"కనపడని కాడ షోకు ఎవడు జేస్తడురా? గాటు ఉన్నదంటే అండ్ల ఏదన్న పెట్టి తిప్పనీకే. మన కర్రకు బెజ్జం ఎందుకుంటది మరి?"

మగ్గం మీద నేసిన చీరను చుట్టుకునే కర్రకు చివర బెజ్జాలుంటాయి. అందులో చువ్వ పెట్టి తిప్పితేనే చీర చుట్టుకుంటుంది. ఆరేళ్లపాటు రోజూ నా చేత్తో తిప్పిన చువ్వ అది. నోస్ ప్లయర్ కొనలు రెండు గాట్లలో పెట్టి తిప్పాను. ఒకవైపు తిప్పితే ఇంకాస్త బయటికొచ్చింది. రెండోవైపు ఒత్తిపట్టి తిప్పితే, పొద్దుటినుంచి నన్ను చంపుకుతిన్న పిస్టన్ బుద్ధిగా లోపలికి పోయింది. వెనక చక్రాల పిస్టన్ హ్యాండ్‌బ్రేకుతో కలిసి ఉంటుందనీ, దాన్ని మరలాగా తిప్పాల్సిందేననీ మర్నాడు ఉస్తాద్ నాలుగు తిట్ల మధ్య చెప్పాడు.

పొద్దుగూకక ముందే సావుకారు కారు తీసుకుపోయాడు. చల్లారిన రొట్టెలు ఇద్దరం తిన్నాం. "మరి మగ్గం?" అన్నాను తలెత్తకుండా. "నా కండ్లు నడిచినన్ని దినాలు నడుస్తది తియ్" అన్నాడు నాయన, చేతికంటిన మడ్డి పంచెకు తుడుచుకుంటూ.

ఆ మాటను అప్పుడు పట్టించుకోలేదు, గెలిచిన సంబరంలో ఉన్నాను. ఇప్పుడు వనపర్తిలో నాకు సొంత షెడ్డు ఉంది, పిస్టన్ తిప్పడానికి డబ్బాలో వేరే పనిముట్టే ఉంది. నాయన లేడు. ఆ సాయంత్రం ఆయన ఇంకో రెండు గంటలు నోరు మెదపకుండా రొట్టెలిచ్చి పోయి ఉంటే నేను మగ్గం దగ్గరికి పోయేవాణ్ని. ఆ సంగతి నాకు అర్థమయ్యేసరికి నా తల నెరిసింది. నిన్ననే ఒక కారు వెనక బ్రేకు విప్పాను. కళ్లద్దాలు ఎక్కడో పెట్టి మరిచాను, గాటు కనబడలేదు. వేలితో తడుముకుంటూ చాలాసేపు వెతికాను.