చార్మినార్ మెట్ల మీద కువైట్ అత్త

కొత్తగా ఉద్యోగానికి బయల్దేరిన ఆ రోజుల్లో నాకు రెండే భయాలుండేవి. పాస్‌పోర్టు పోతుందేమోనని ఒకటి, పాస్‌పోర్టు భద్రంగానే ఉండి నేను తప్పిపోతానేమోనని ఇంకొకటి. ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది గానీ, రాజోలు పక్క పల్లెలో పుట్టి, నర్సింగ్ కోసం అమలాపురం దాకా వెళ్ళడమే పెద్ద ప్రయాణమనుకున్న పిల్లని ఉన్నపళంగా కువైట్ ఆసుపత్రికి రమ్మంటే ఎలా ఉంటుందో మీరే చెప్పండి. అందుకే మా నాన్నగారు నన్ను కువైట్ అత్తకి అప్పజెప్పేరు. సొంత అత్త కాదు, మా వీధి చివరింటావిడ. నేను పుట్టకముందు నుంచీ కువైట్‌లో ఒకే ఇంట్లో వంట చేస్తోంది, సెలవుకొచ్చి మళ్ళీ వెళ్తోంది. "అత్త చెయ్యి వదలకమ్మా" అన్నారు నాన్నగారు రాజమండ్రి విమానాశ్రయం గుమ్మం దగ్గర. "ఆయ్" అన్నాను. ఆ చెయ్యి నన్ను ఎక్కడికి లాక్కెళ్తుందో అప్పటికి ఆయనకీ తెలీదు, నాకూ తెలీదు.

పొద్దున్నే హైదరాబాదులో దిగేం. పెద్ద సామానంతా రాజమండ్రిలోనే కువైట్‌కి వేసేసేరు. మా చేతుల్లో మిగిలినవి రెండు బ్యాగులు, అమ్మ పనసాకు బుట్టల్లో ఇడ్లీపిండి పోసి ఉడికించి కట్టిచ్చిన పొట్టిక్కలు. కువైట్ విమానం రాత్రికి గానీ లేదు. నేను గోడవారగా ఓ కుర్చీ చూసుకుని, పాస్‌పోర్టు సంచీని చున్నీ కింద పెట్టుకుని పొదిగే పెట్టలా కూర్చున్నాను. అత్త అటూ ఇటూ చూసి, "లేవ్వే, చార్మినార్ చూసొద్దాం" అంది.

"ఇప్పుడెందుకండీ?" అన్నాను, సంచీని ఇంకాస్త దగ్గరికి లాక్కుంటూ.

అప్పుడు చెప్పింది అసలు సంగతి. అత్త పనిచేసే ఇంట్లో పిల్లలు చిన్నప్పుడు, ఏదో కేలండర్‌లో బొమ్మ చూపించి, ఇది నీ దేశంలోదేనా అని అడిగేరుట. "మాదే, నేను ఎక్కేను కూడాను" అనేసిందిట అత్త. ఎక్కడమే కాదు, పైనుంచి సముద్రం కనిపిస్తుందని కూడా చెప్పిందిట (మా అంతర్వేదిలోలాగే ఏ ఊరెళ్ళినా సముద్రం ఉంటుందనే ఆవిడ అప్పటి అభిప్రాయం). ఆ పిల్లలిప్పుడు పెద్దవాళ్ళై, ఈసారి ఫొటో తెమ్మన్నారు. "ఇన్నేళ్ళ పరువే" అంది అత్త. పరువు మాటొచ్చాక మా కోనసీమలో ఇంక వాదన ఉండదు కదండీ.

క్యాబ్‌లో పాతబస్తీ చేరేసరికి ఎండ నెత్తికెక్కింది. కింద నిలబడి చూసి వెళ్ళిపోదామన్నాను. "ఎక్కేనని చెప్పేనే!" అంది అత్త. టిక్కెట్లు కొని మినార్‌లోకి దూరేం. ఆ మెట్లు చూసేరా మీరు? గుండ్రంగా మెలికలు తిరుగుతూ, ఒక్కో మెట్టూ మోకాలెత్తు, మనిషి పట్టేంత ఇరుకు. అత్త కాస్త నిండు మనిషి. సగం దూరం ఎక్కి, గోడకి చెయ్యానించి, ఆ మెట్టు మీదే చతికిలబడింది. "ఇంక పైకీ వెళ్ళలేనే, కిందకీ దిగలేను."

వెనకాల జనం ఆగిపోయేరు. కింది మలుపులోంచి ఉర్దూలో కేకలు. నేను నర్సుని కదా, వెంటనే అత్త నాడి పట్టుకున్నాను. అదిరిపోయేలా కొట్టుకుంటోంది! కంగారుపడి మళ్ళీ చూద్దును కదా, కొట్టుకుంటున్నది నా గుండె. వెనక్కి తిరిగి, బళ్ళో నేర్చుకున్న హిందీ అంతా కూడగట్టి, "మేరీ అత్త బీమార్ హై!" అని అరిచేను.

"ఏం చెప్పేవే వాళ్ళకి?"

"మీకు ఒంట్లో బాగాలేదని చెప్పేనండీ."

"నాకేం రోగం? మోకాళ్ళు కాస్త మొరాయించేయి, అంతే!" అని, అత్తకి ఒళ్ళు మండి, కిందనున్న జనం వైపు చెయ్యూపుతూ, "సబర్! షువై షువై!" అని గట్టిగా కసిరింది. కాస్త ఓపిక పట్టండర్రా అని అరబ్బీలో.

చిత్రంగా అందరూ ఊరుకున్నారు. మా వెనకే ఉన్న బురఖా ఆవిడ మొహం మీది ముసుగు తీసి, "కువైత్?" అని అడిగింది. అత్త కళ్ళు మెరిసేయి. ఆవిడా పూర్వం అక్కడే ఎవరింట్లోనో వంట చేసేదిట. ఈవిడకి ఉర్దూ రాదు, ఆవిడకి తెలుగు అంతంతమాత్రం. ఇద్దరూ ఆ ఇరుకు మెట్ల మీద అరబ్బీలో మొదలెట్టేరండీ, ఏ యజమానురాలు ఎలాంటిది, అక్కడి బియ్యం ఎంతసేపు నానాలి! మా వెనక జనమూ, నా విమానమూ ఏమైపోతాయోనని నేను ఏడుపు ఆపుకుంటున్నాను. చివరికి ఆవిడ గోడకి అతుక్కుని ఎలాగో మమ్మల్ని దాటి పైకెక్కి ముందునుంచి చేతులు పట్టి లాగింది, నేను వెనకనుంచి తోసేను, వరసలో ఉన్నవాళ్ళంతా "హైస్సా" అన్నారు. అత్త పైకి చేరింది.

గాలి తగిలేసరికి మోకాళ్ళ సంగతే మర్చిపోయింది. నాలుగు వైపులా తిరిగి ఫొటోలు తీయించుకుంది. పొద్దు వాలేక కిందకి దిగి, గాజుల దుకాణాల పక్కన అరుగు మీద ముగ్గురం పొట్టిక్కలు తిన్నాం. ఆ హైదరాబాదావిడ పనసాకు వాసన చూసి, తిని, ఖాళీ బుట్ట జాగ్రత్తగా సంచీలో వేసుకుంది. కబుర్లలో దీపాలు పెట్టే వేళై, మాకు ఆలస్యమవుతోందని తెలిసి, తనే ఓ ఆటోవాణ్ణి పట్టుకుని, సందుల్లోంచి తీసుకెళ్ళమని గట్టిగా చెప్పి ఎక్కించింది. దారిపొడుగునా నేను ఏడుస్తూనే ఉన్నాను, అత్త నిద్రపోయింది. విమానం గేటు మూసేలోగా పరిగెత్తి చేరేం. పరిగెత్తిందీ అత్తే, నన్ను ఈడ్చుకుంటూ.

కువైట్‌లో ఫొటోలు చూసి ఆ ఇంటి పిల్లలు అడిగేరుట, "అన్నీ బాగున్నాయి గానీ, చార్మినార్ ఏది?" అని. పైనుంచి తీస్తే చార్మినార్ ఎక్కడ కనిపిస్తుంది చెప్పండి! వీధులు, బళ్ళు, మధ్యలో అత్త నవ్వు. తీసింది నేనే (చదువుకున్నదాన్ని కదా). అత్త వారం రోజులు నాతో ఫోన్లో మాట్లాడలేదు. తర్వాత తనే చేసి, "పోన్లేవే, సముద్రం లేదేమని మాత్రం అడగలేదు" అంది.

మొన్న సెలవు నుంచి తిరిగి వెళ్తూ హైదరాబాదులో ఆగేను. అత్త ఇప్పుడు ఇంటిపట్టునే ఉంటోంది. నేను కాళ్ళు చాపుకుని కాఫీ తాగుతుంటే, రాజమండ్రి విమానంలో నాతోపాటు దిగిన ఓ కుర్రపిల్ల పక్క కుర్చీలోంచి, "అక్కా, చార్మినార్ ఇక్కడికి బాగా దూరమా అండి?" అని అడిగింది. "దూరమేనమ్మా. ట్రాఫిక్కు, ఎండ, ఆ మెట్లు. ఎందుకొచ్చిన తంటా, హాయిగా కూర్చో" అన్నాను, ఎంతో అనుభవం ఉన్నదానిలా. "ఆయ్" అందా పిల్ల, వినయంగా. కాఫీ అయ్యాక తిరిగి చూస్తే ఆ కుర్చీ ఖాళీ. నవ్వొచ్చింది. లేచి, తలుపుల దాకా వెళ్ళి, అద్దంలోంచి కాసేపు ఆ క్యాబుల వరస చూసి, మళ్ళీ వచ్చి కూర్చున్నాను.