గడువు పెరిగిన నేల

మా ఇంటి ఓనరు ఆంటీ కిందటి నెల సింగపూర్ శివారు సెంగ్‌కాంగ్‌లో కన్నుమూశారు. నేను ఆఫీసులో ఉండగా ఆవిడ కూతురు ఫోన్ చేసి, “అక్కా, అమ్మ లేవట్లేదు. అంబులెన్స్ వాళ్ళు చూసి, ఇంక లేదన్నారు” అంది. గుండె ఆగిందన్నారు డాక్టర్లు. పాత ఇల్లు ఖాళీ చేసిన రోజునే ఆ గుండె సగం ఆగిపోయిందని నేననుకుంటాను.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు కుప్పలుగా వచ్చిపడుతున్న రోజుల్లో సింగపూర్ వచ్చాను. గది అద్దెకు అడిగితే అందరూ సవాలక్ష ప్రశ్నలు వేశారు. ఆంటీ మాత్రం, “ఏటమ్మా, మకాన్ అయిందా?” అన్నారు. తిన్నావా అని. ఆవిడ తాతగారు విజయనగరం వైపు నుంచి ఓడెక్కి వచ్చిన మనిషి. ఆంటీ ఆంధ్ర మొహం చూడలేదు గానీ ఆ యాస పోలేదు. అందులోనే మలయ్, తమిళం, మాట చివర సింగపూరు వాళ్ళ ‘లా’ కలిసిపోయేవి. నేను ఆఫీసు నుంచి వచ్చి తినకుండా పడుకుంటే గరిటె కాడతో తలుపు కొట్టేవారు. “ఆకలితో ఎవరైనా పడుకుంటే నాకు నిద్దరట్టదు. లెగు” అనేవారు. అద్దెకున్న మా అందరి ఇష్టాయిష్టాలూ ఆవిడకు తెలుసు. నా చారులో కరివేపాకు ఏరేసి పోసేవారు.

భర్త ఎప్పుడో పోయారు. కూతురికి పుట్టుకతోనే చూపు లేదు. ఒక కంపెనీలో టెలిఫోన్ ఆపరేటరు. తూర్పు తీరం వైపు ఆ పాత నాలుగంతస్తుల భవనంలోనే పుట్టి పెరిగింది. గోడ తడమకుండా మెట్లు దిగి, రోడ్డు దాటి, ఒక్కతే బస్సెక్కి వెళ్ళేది.

ఆ భవనం ఉన్న నేల తొంభై తొమ్మిదేళ్ళ లీజుది. గడువు తీరితే ఇల్లు సర్కారుకు పోతుంది. అప్పటికే ఆ గడువులో చాలా భాగం కరిగిపోయింది. కూతురు ముసలిదయ్యే వేళకు చేతిలో ఇల్లుండదు. “నాను పోయాక దానికి ఇల్లు ఎతికిపెట్టేదెవరమ్మా?” అనేవారు ఆంటీ.

గడువు పెంచమని అడగాలంటే ఓనర్లందరూ కలిసి సంతకం పెట్టాలని లాయరు చెప్పాడు. మోకాళ్ళ నొప్పులతో ఆవిడ ప్రతి గడపా ఎక్కారు. ఎదురింటి చైనా తాత పెట్టాడు. పై అంతస్తు హైదరాబాదీ కుటుంబం పెట్టింది. మిగిలింది కింది ఫ్లాటు తెలుగబ్బాయి. ఒకప్పుడు ఆవిడ గదిలోనే అద్దెకుండేవాడు. అతనికి అమ్మవారు పోస్తే దగ్గరుండి వేపాకు పరిచి సేవ చేసిన మనిషి ఆంటీ. ఆ ఫ్లాటు కూడా ఆవిడ మాట సాయంతో కొనుక్కున్నదే.

“గడువు పెంచితే ఏమొస్తుంది ఆంటీ? బిల్డింగ్ మొత్తం బిల్డర్‌కి అమ్మేస్తే అందరం సెటిలైపోతాం. కాస్త ప్రాక్టికల్‌గా ఆలోచించండి” అన్నాడతను.

“నీకు ఈ ఇల్లు కాకపోతే ఇంకోటి, బాబూ. దానికి దారులన్నీ ఈడే ఉన్నాయి.”

అతను సంతకం పెట్టలేదు. అమ్మకానికి కమిటీ వేశాడు. ఆంటీకి సంతకం పెట్టినవాళ్ళే ఒక్కొక్కరూ వెళ్ళి అతనికీ పెట్టారు. చాలామంది ఒప్పుకుంటే మిగతావాళ్ళు కదలాల్సిందేనట. ఆశకు ప్రాక్టికల్ అని పేరు పెట్టుకుంటే ఎంత హాయిగా నిద్రపడుతుందో!

భవనం కూల్చారు. కొత్త టవర్ల కోసం అదే నేలకు మళ్ళీ పూర్తి తొంభై తొమ్మిదేళ్ళ గడువు వచ్చింది. పేపర్లో ప్రకటన నేనే చదివి వినిపించాను. “ఇచ్చారు సూడు, నానడిగిందే” అని నవ్వారు ఆంటీ. అంత చేదు నవ్వు ఆవిడ మొహాన నేనెప్పుడూ చూడలేదు.

సెంగ్‌కాంగ్‌లో కొత్త ఫ్లాటు కొని, నాతో సహా అక్కడికి మారాక ఆవిడకు ఒకటే పని. రోజూ కూతురికి తన మోచెయ్యి పట్టించి, పక్కన నడుస్తూ రైలు స్టేషన్‌కి దారి నేర్పడం. “ఇది స్తంభం. ఇక్కడ కాలవ మూత, మోగుతాది. మెల్లగా లా, ఎవులు తరుముతున్నారు?”

ఆంటీ పోయిన రోజు ఆ కింది ఫ్లాటు అబ్బాయి కూడా పూలదండ పట్టుకుని వచ్చాడు. శవం దగ్గర నిలబడి, “ఆంటీ నన్ను సొంత కొడుకులా చూసుకున్నారు” అన్నాడు.

ఆ అమ్మాయి గొంతు గుర్తుపట్టి తలతిప్పింది. “ఏ ఇంట్లో, అన్నా?” అంది. కోపంగా కాదు, మామూలుగానే. అతను దండ వేసి వెళ్ళిపోయాడు.

నిన్న ఆమె మళ్ళీ ఉద్యోగానికి బయల్దేరింది. తోడు వస్తానంటే, “వెనకాల రా అక్కా, పక్కన వద్దు” అంది. లిఫ్టు దిగింది. స్తంభాలను తప్పించుకుంటూ, కాలవ మూత మీద అడుగేసి, తిన్నగా సిగ్నల్ దాకా వెళ్ళి ఆగింది.

“అమ్మ ఇక్కడిదాకే నేర్పింది అక్కా” అంది.

దాటమని సిగ్నల్ కూత మొదలైంది. జనం మమ్మల్ని దాటుకుని వెళ్తున్నారు. ఆమె ఎడమచెయ్యి కాస్త పైకి లేచి, పక్కన ఒక మోచెయ్యి ఉండాల్సిన చోట, గాలిలో ఆగింది.