ఇటలీ సైకిలు, పగిలిన బీబీ కప్పు

2006వ సంవత్సరం. తిరువూరు బస్టాండుకు కూతవేటు దూరంలో నా సైకిలు షాపు. అప్పటికి నేను పానా పట్టి ఇరవై రెండేళ్ళు. మోటారు సైకిళ్ళు పెరిగి మా వ్యాపారం పలచబడినా, పాలవాళ్ళు, బడిపిల్లలు, పొలాలకు వెళ్ళేవాళ్ళు ఉండబట్టి షాపు నడిచేది. చుట్టుపక్కల మండలాల్లో నేను విప్పలేని సైకిలు లేదని నా నమ్మకం. నమ్మకం అనడం మర్యాదకే, అసలు దాని పేరు పొగరు.

ఒకరోజు పొద్దున్నే వినగడప నుంచి సాంబశివరావు గారు అనే పత్తి రైతు తన కూతురు శ్రావణిని వెంటబెట్టుకొచ్చారు. ఆటో మీద తాళ్ళతో కట్టిన రేసింగ్ సైకిలు ఉంది. హైదరాబాదులో ఆట మానేసిన ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండులో కొన్న ఇటలీ సైకిలది. శ్రావణికి పదిహేనేళ్ళు. రోజూ తెల్లవారగానే గంపలగూడెం దాకా తొక్కి వెనక్కి వచ్చేది. ఇంకో ఇరవై రెండు రోజుల్లో విజయవాడలో సైక్లింగ్ సెలక్షన్స్. మొదటి ముగ్గురిలో వస్తే స్పోర్ట్స్ హాస్టల్లో సీటు, మంచి కోచింగు. పదహారేళ్ళ లోపు విభాగంలో తనకదే ఆఖరి ఏడాది. ఈసారి రాకపోతే సైకిలు పక్కన పెట్టి చదువుకోవాల్సిందేనని తండ్రి ముందే చెప్పేశారు.

"తొక్కుతుంటే కింద గరగరమంటోంది బాబాయ్," అంది ఆ అమ్మాయి.

పెడల్స్ తిరిగే ఇరుసును మేం బీబీ యాక్సిల్ అంటాం. దానికి రెండు పక్కలా బాల్స్‌ను పట్టి ఉంచే చిన్న ఉక్కు గిన్నెలు బీబీ కప్పులు. వాటిని విప్పి, బాల్స్ మార్చి, గ్రీజు పెడితే సరిపోతుంది. గంట పని.

పక్కనే గాలి కొట్టించుకుంటున్న శర్మ గారు కలగజేసుకున్నారు. ఆయన జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్. వాళ్ళ నాన్నగారు గుడిలో అర్చకులు. ఊళ్ళో నెట్ సెంటరు పెట్టిన కొత్తలోనే విదేశాల నుంచి పుస్తకాలు తెప్పించిన మనిషి.

"మేస్త్రీ, ఇది మన సరుకు కాదు. వీటి పార్టులమ్మే షాపు ఇంగ్లండులో ఉంది, నెట్‌లో దొరుకుతుంది. చెయ్యి పెట్టేముందు వాళ్ళకో మెయిల్ పెట్టి అడుగుదాం. ఒకటి రెండు రోజుల్లో జవాబిస్తారు."

"పొరుగింటి పుల్లకూర రుచి సార్! సైకిలు ఎక్కడ పుట్టినా చక్రాలు రెండే కదండీ," అన్నాను. అందరూ నవ్వారు. నేను ఇంకా గట్టిగా నవ్వాను.

తండ్రీ కూతుళ్ళు టిఫినుకు వెళ్ళారు. నేను పని మొదలుపెట్టాను. మన సైకిళ్ళలో కుడిపక్క కప్పుకు ఎడమ మర ఉంటుంది. మామూలు బోల్టులన్నీ ఎడమకు తిప్పితే ఊడతాయి, అది మాత్రం కుడికి తిప్పితే ఊడుతుంది. తొక్కుతుంటే వదులు కాకుండా చేసిన ఏర్పాటది. పని నేర్చుకునేవాళ్ళు మొట్టమొదట తప్పేది అక్కడే. నా చెయ్యి మాత్రం కళ్ళు మూసుకున్నా కుడికే పోతుంది. తిప్పాను, కదల్లేదు. తుప్పు పట్టిందనుకుని కిరసనాయిలు పోశాను. పానాకు ఇనుప గొట్టం తగిలించి ఒంటి బరువంతా వేశాను. టప్పుమని కప్పు అంచు పగిలింది.

మిగిలిన ముక్కను ఉలి పెట్టి కొడుతుంటే ఒక దెబ్బ గురి తప్పి ఎదురు వైపు నుంచి పడింది. ముక్క ఎడమకు హాయిగా తిరిగింది. అప్పుడు అర్థమైంది. ఆ ఇటలీ సైకిలుకు రెండు పక్కలా మామూలు మరే. నేను అంతసేపూ విప్పడం లేదు, బిగిస్తున్నాను.

వాళ్ళు తిరిగొచ్చారు. నా నోటి నుంచి వచ్చిన మాట ఇది: "పాతదండీ, అరిగిపోయి పగిలింది. ఇంకోటి వేసి ఇచ్చేస్తాను."

ఆ ఇంకోటి దొరకలేదు. ఇటలీ కప్పు మనదానికంటే కాస్త లావు. నా షాపులో ఉన్నవన్నీ లోపల వదులుగా ఆడాయి. విజయవాడ రెండుసార్లు వెళ్ళి చేతులూపుకుంటూ వచ్చాను. శ్రావణి రోజూ ఫోను చేసేది. "అయిందా బాబాయ్?" "రేపమ్మా." చివరికి లేతు మిషను మేస్త్రీని బతిమాలి ఒక కప్పు చేయించాను. అచ్చం దానిలాగే ఉంది కానీ ఉక్కులో ఆ గట్టితనం లేదు. ఒక్క పూట తొక్కేసరికి బాల్స్ దాన్ని తొలిచేశాయి. సగం దారి నుంచి ఆ పిల్ల సైకిలు నడిపించుకుంటూ ఇల్లు చేరింది. శర్మ గారు ఇక నన్ను అడగకుండానే మెయిల్ పెట్టేశారు. అప్పటికి ఎనిమిది రోజులు గడిచిపోయాయి.

జవాబు రాగానే శర్మ గారు, సాంబశివరావు గారు, నేను నెట్ సెంటరుకు వెళ్ళాం. శర్మ గారు చదివి తెలుగులో చెబుతున్నారు. "కప్పు ఉంది, పంపిస్తామంటున్నారు. కొలత మరోసారి చూసుకోమంటున్నారు. ఇంకా..." అని ఆగి నా వైపు చూశారు. "విప్పేటప్పుడు పగిలి ఉంటే మీ మెకానిక్‌ను ఏమీ అనకండి, ఈ సైకిలు మర వేరు, మా షాపులో కూడా ఒకసారి ఇలాగే పగలగొట్టాం, అని రాశాడు."

నేను ఎగతాళి చేసిన షాపువాడు, ముఖం కూడా తెలియనివాడు, నన్ను వెనకేసుకొస్తున్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

"అరిగి పగల్లేదండీ," అన్నాను సాంబశివరావు గారితో. "నేనే తప్పు వైపు తిప్పి పగలగొట్టాను. ఆ రోజే తెలుసు నాకు."

"పురుగుమందు ఎక్కువ కొట్టి ఎకరం పత్తి మాడగొట్టుకున్నోణ్ణి. చేతి తప్పంటే ఏంటో నాకూ తెలుసు మేస్త్రీ," అన్నారాయన. "కానీ ఎనిమిది రోజులేంటండీ?"

శర్మ గారు తన కార్డు మీద అప్పటికప్పుడే ఆర్డరు పెట్టారు. పార్సిలు సముద్రాలు దాటి, కస్టమ్స్‌లో ఆగి, పోస్టులో రావాలి. రాలేదు. సెలక్షన్స్‌కు నేనే ఒక మామూలు గేరు సైకిలు సంపాదించి, సీటు సరిచేసి, తోడు వెళ్ళాను. ఆ బరువు సైకిలు మీద శ్రావణి అయిదో స్థానంలో వచ్చింది. కుళాయి దగ్గర ముఖం కడుక్కుని, "పోదాం నాన్నా," అంది. ఏడ్చి ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

అయిదు రోజుల తర్వాత పార్సిలు వచ్చింది. లెక్క ఎవరూ నాకు చెప్పలేదు, నేనే వేసుకున్నాను. ఆ ఎనిమిది రోజులు నేను మింగకపోతే పోటీకి మూడు రోజుల ముందే అది చేతికి అందేది. పగలగొట్టినందుకు కాదు, దాచినందుకు పోయింది ఆ సీటు.

విదేశీ షాపులు మేలా, ఊళ్ళో షాపులా అని నన్ను ఇప్పటికీ అడుగుతుంటారు. నెట్ షాపులో కొలతలన్నీ రాసి ఉంటాయి, మనిషి కనిపించడు. మా దగ్గర మనిషి ఎదురుగా ఉంటాడు, ఆ ధైర్యంతోనే జనం వస్తారు. ఆ మనిషే అబద్ధమాడితే ఊళ్ళో షాపు ఉండి ఏం లాభం?

శ్రావణి ఆ పార్సిలు విప్పకుండా నేరుగా నా షాపుకే తెచ్చింది.

"విజయవాడలో పెద్ద షాపులున్నాయి కదమ్మా. మళ్ళీ నా దగ్గరికే తెచ్చావేంటి?"

"ఈసారి ఏదైనా విరిగితే అప్పుడే చెప్తారుగా బాబాయ్," అంది. మాటలో ఎత్తిపొడుపేమీ లేదు. నిజంగానే అలా నమ్మి తెచ్చింది.

అప్పటి నుంచి నా చేతిలో ఏది పగిలినా, పానా కింద పెట్టకముందే ఆ సైకిలు మనిషికి ఫోను చేస్తాను. కొందరు తిడతారు. తిట్టనివ్వండి, వాళ్ళ రోజులు వాళ్ళకు మిగులుతాయి.