సుగ్రాబీ అక్క మూడో రోజా

పొద్దున ఆరింటికి గోడ మీద చప్పుడు వినపడితే లేచేదాన్ని. మా ఇంటికీ సుగ్రాబీ అక్క ఇంటికీ మధ్య నడుమెత్తు గోడ ఒకటి ఉంది. అక్క ఆ గోడ మీద అల్లం టీ గ్లాసు పెట్టి, ఖాళీ గ్లాసుతో మూడుసార్లు కొట్టేది. మా ఆయన హనుమయ్య దినాలైన మర్నాటి నుంచి అలా మొదలుపెట్టింది. ఒక్కదాని కోసం నేను పొయ్యి వెలిగించనని ఆమెకి తెలుసు. ఎనిమిది నెలల్లో ఒక్క పొద్దు తప్పలేదు.

మే నెలలో ఆ చప్పుడు ఆగిపోయింది.

అక్క కొడుకు నాజిమ్ మిలిటరీలో లారీ డ్రైవరు. జమ్మూ అవతల ఎక్కడో ఉంటాడు. రోజూ సాయంత్రం ఫోను చేసేవాడు. సరిహద్దులో గొడవలు ముదిరాయని టీవీలో చెప్పడం మొదలుపెట్టిన రెండో రోజు నుంచి ఫోను రాలేదు. మనం చేస్తే స్విచాఫ్ అని వస్తుంది. నాలుగో రోజు అక్క మూడు రోజాలు మొక్కుకుంది. రోజా అంటే వాళ్ళ ఉపవాసం. తెల్లవారకముందు తిన్నదే, మళ్ళీ పొద్దుగూకేదాకా మంచినీళ్ళు కూడా ముట్టరు.

"తెగకుండా మూడూ అయితే వాడి గొంతు వినపడుద్ది నాగమ్మా. నీకు మటుకు టీ పెడతాలే" అంది.

"నువ్వు నోరెండబెట్టుకుని నాకు టీ కాస్తే అది నాకు గొంతు దిగుద్దా? ఏం వద్దు" అన్నాను.

తెగడం అనే మాట ఆమె పనిలోది. అక్క బొంతలు కుడుతుంది. విస్సన్నపేట నుంచి పదిహేడేళ్ళకి మా తిరువూరు కోడలై వచ్చింది. భర్త హుస్సేన్ సైకిళ్ళకి పంక్చర్లు వేసేవాడు. నాజిమ్‌కి ఏడేళ్ళప్పుడు గుండె ఆగి పోయాడు. అప్పటి నుంచి పాత చీరలు పొరలు పొరలుగా పరిచి, బొంతలు కుట్టి పిల్లాణ్ణి పెంచింది. వినగడప నుంచి కూడా చీరలు మూట కట్టుకొచ్చి కుట్టించుకుంటారు. వరస మధ్యలో దారం తెగితే అందరూ ముడేసి కుట్టుకుపోతారు. అక్క అలా చెయ్యదు. ఆ వరసంతా విప్పి మళ్ళీ మొదటి కుట్టు నుంచి వేస్తుంది. "ముడి ఒంటికి గుచ్చుకుంటది. పడుకునేవాళ్ళకి తెలుసుద్ది" అంటుంది.

రెండో రోజా నాడు మా వార్డు సచివాలయం నుంచి పుష్పలత వచ్చింది. చేతిలో సుద్దముక్క ఉంది. యుద్ధం వస్తే ఏం చెయ్యాలో ఊరంతటికీ ఒకసారి చేయించి చూస్తారట. రేపు చీకటిపడ్డాక ఏడున్నరకి సైరన్ మోగుతుంది, లైట్లన్నీ తీసెయ్యాలి, కిటికీల్లోంచి వెలుగు పిసరంత కూడా బయటికి రాకూడదు అని చెప్పింది. ఊరంతా వినపడే సైరన్ మసీదు మీద ఉన్నదొక్కటే. రంజాన్ నెలలో ఉపవాసం విడిచే వేళకి మోగించేది. దాన్నే అడిగి తీసుకున్నారు.

ఇల్లు కూలితే లోపల ఎంతమంది ఉన్నారో వెతికేవాళ్ళకి తెలియాలని తలుపుల మీద మనుషుల లెక్క రాస్తోంది. ఫోనులో చూసి మా తలుపు మీద రెండు అని వేసింది. నేను కొంగుతో తుడిచేశాను.

"ఒకటే రాయమ్మా."

"అయ్యో, సారీ అండి. ఆయన పేరింకా తీయలేదు ఇందులో" అని తల దించుకుని ఒకటి వేసింది.

అక్క తలుపు మీద ఒకటి వెయ్యబోతే అక్క చెయ్యి పట్టుకుంది.

"రెండు వెయ్యి. నా కొడుకు."

"ఇక్కడ పడుకునేవాళ్ళనే రాయాలమ్మా. ఆయన అక్కడున్నాడు కదా."

"అక్కడుంటే? ఈ ఇంటోడు కాదా? అక్కడ వాణ్ణి ఏ తలుపు మీద రాశారో నువ్వు చూసొచ్చావా?"

పుష్పలత రెండు వేసి వెళ్ళిపోయింది.

నల్ల కాగితాలు ఎక్కడ దొరుకుతాయని నేను వెతుక్కుంటుంటే అక్క నవ్వింది. ఆ వారంలో అదొక్కటే నవ్వు. "బొంతలు కుట్టేదాని పక్కనుండి కాగితాలేంటే" అంటూ రెండు ఇళ్ళ కిటికీలకీ నాలుగు పొరల బొంతలు మేకులు కొట్టి కట్టించింది. మిట్టమధ్యాహ్నం కూడా ఇంట్లో చెయ్యి చాస్తే వేళ్ళు కనపడలేదు.

మూడో రోజా నాడు పదకొండింటికి పుష్పలత మళ్ళీ పరుగున వచ్చింది. "పగలు నాలుగింటికి కూడా ఒకసారి సైరన్ వేస్తారండి. పెద్దమ్మ పడుకున్నట్టున్నారు. మీరు చెప్పండి" అని వెళ్ళింది.

నేను చెప్పలేదు.

మర్చిపోయానంటే అబద్ధం. మా ఆయన పత్తి లోడు వేసుకుని ఆటోలో వెళ్ళిన రోజు ఎవరిదో తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. సాయంత్రానికి ఆయన్ని అంబులెన్సులో తెచ్చారు. ప్రాణం లేని మనిషికి సైరన్ ఎందుకు వేశారో నాకు ఇప్పటికీ తెలియదు. మా సందు మలుపు తిరిగేదాకా అది మోగుతూనే ఉంది. నాలుగింటికి సైరన్ అనగానే నాకు ఆ మలుపే గుర్తొచ్చింది. మూడున్నరకే తలుపులు వేసుకుని, లోపలి గదిలో దిండు చెవులకి అదుముకుని పడుకున్నాను. అక్కకి చెప్పాలని తెలుసు. లేవలేకపోయాను.

దిండులోంచి కూడా వినపడింది. ఆగాక పెరట్లో అక్క కేక.

"నాగమ్మా! ఎండేంటే ఇంకా?"

వెళ్ళి చూస్తే పెరట్లో నిలబడి ఉంది. ఒక చేతిలో సగం తాగిన నీళ్ళ గ్లాసు, ఇంకో చేతిలో ఖర్జూరం గింజ. ఎండ ఆమె మొహం మీద చుర్రున కొడుతోంది. మధ్యాహ్నం నమాజు చేసుకుని పడుకుందట. సైరన్‌కి మెలకువొచ్చింది. చూస్తే ఇల్లంతా చీకటి. ఏడున్నర సైరనే, పొద్దుగూకిందనుకుని ఖర్జూరం నోట్లో వేసుకుంది. నీళ్ళు తాగింది. కాళ్ళు కడుక్కుందామని తలుపు తీసింది.

"తెంపేశాను" అంది. గ్లాసు చేతిలోంచి జారిపోయింది.

"తెలియక చేసిందానికి తప్పేముంది అక్కా."

"తప్పు సంగతి కాదే. మొక్కు తెగింది. వాడక్కడ ఏ రోడ్డు మీద ఉన్నాడో. నా నోటి వల్ల వాడికేమన్నా అయితే?" ముప్ఫయ్యేళ్ళలో ఆమెని నేను అలా చూడలేదు. భర్త పోయిన రోజు కూడా ఆరిన బట్టలు మడతపెట్టి పక్కన పెట్టాకే ఏడ్చిన మనిషి.

అప్పుడు చెప్పాను. పుష్పలత చెప్పమంది, నేను చెప్పలేదని. అంబులెన్సు సంగతి కూడా చెప్పాను.

అక్క కింద పడ్డ గ్లాసు తీసింది. "చెవులు మూసుకుంటే ఆగిందా సైరను?" అంది. తిట్టినట్టు లేదు. నిజంగా అడిగినట్టే ఉంది.

"లేదక్కా."

ఇంక ఏమీ తినలేదు. తెగినా సరే, పొద్దుగూకేదాకా అలాగే ఉండాలట. నేనూ ఆమె పక్కనే గడప మీద కూర్చున్నాను.

ఏడున్నరకి సైరన్ మళ్ళీ మోగింది. ఈసారి అక్క చెయ్యి పట్టుకుని విన్నాను. ఊళ్ళో లైట్లన్నీ ఒక్కసారే పోయాయి. బస్టాండు వైపు కూడా మిణుగురంత వెలుగు లేదు. కుక్కలు మొరుగుతున్నాయి. ఎక్కడో ఓ పసిపిల్ల ఏడుస్తోంది. ఇంతలో చీకట్లో ఫోను మోగింది.

అక్కది చిన్న బటన్ల ఫోను. నాజిమ్ చేస్తే వేరే పాట వస్తుంది. ఇది ఆ పాట కాదు. తెర మీద పేరు లేదు, ఉత్త నంబరు.

"నువ్వెత్తు. నాకేదీ కనపడట్లా" అంది అక్క.

ఎనిమిది నెలలుగా నేను తెలియని నంబరు ఎత్తలేదు. నా సొంత ఫోను అలాగే మోగి మోగి ఆగిపోయేది. నాలుగోసారి మోగింది. ఐదోసారి మోగింది. వీధిలోంచి పుష్పలత గొంతు: "ఎవరిదండీ ఆ వెలుగు? సుగ్రాబమ్మగారూ, బయటికి కనపడుతోంది!"

అక్క చేతికందిన బొంత లాగి ఇద్దరి మీదా కప్పేసింది. ఆ ఉక్కలో బటన్ నొక్కాను.

"అమ్మా?"

ఫోను ఆమె చెవికి ఆనించాను.

"నాజిమ్! ఎవరి ఫోనురా ఇది?"

"మావోళ్ళదే అమ్మా. మా ఫోన్లన్నీ ఆఫీసర్లు తీసుకున్నారు. రెండు నిమిషాలే ఇచ్చారు. బాగున్నావా?"

"అన్నం తిన్నావా?"

"తిన్నానమ్మా. పక్కన ఎవరు, పిన్నేనా? ఊపిరి వినపడుతోంది."

"పిన్నేరా. ఇద్దరం బొంతలో దూరాం. లైట్లు తియ్యమన్నారు."

వాడు నవ్వాడు. ఆ నవ్వు కూడా పూర్తి కాలేదు. "మేం ఇక్కణ్ణించి ముందుకి కదులుతున్నాం. ఫోను మళ్ళీ ఎప్పుడో తెలీదు. టీవీ చూడమాకండి" అన్నాడు. లైను పోయింది.

లైట్లు వచ్చాక అక్క మొహం చూశాను. సంతోషపడుద్దనుకున్నాను. లేదు.

"ముందుకి అంటే ఎటే?" అంది.

మర్నాడు ఆరింటికి నాకే మెలకువొచ్చింది. గోడ మీద గ్లాసు లేదు. గోడ అవతలకి తొంగిచూస్తే అక్క అరుగు మీద కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తోంది.

"రోజానా? ఫోను వచ్చింది కదక్కా."

"తెగిన వరసకి ముడెయ్యను. మళ్ళీ ఒకటి నుంచి. మూడు."

తొమ్మిదింటికి పుష్పలత వచ్చింది. "అయిపోయిందమ్మా, అంతా బాగా జరిగింది. నిన్న చీకట్లో కసిరాను, ఏమనుకోకండి పెద్దమ్మా. కిటికీలవి తీసేసుకోండి. తలుపుల మీద అంకెలు తుడిచెయ్యండి, చూడ్డానికి బాగోవు" అంది.

అక్కకి మోకాళ్ళ నొప్పులు. రెండు ఇళ్ళ గుమ్మాలూ నేనే కడుగుతాను. బకెట్టు, పాతగుడ్డ తీసుకుని మా తలుపు మీద ఒకటి తుడిచాను. అక్క కిటికీల బొంతలు విప్పి ఎండలో వేశాను. ఆమె గడప కడిగాను. తలుపు కింది చెక్క రుద్దాను. పై చెక్క మీది రెండు అంకె దాకా గుడ్డ ఎత్తి మళ్ళీ దించాను. అక్క కుట్టు ఆపి చూస్తోంది.

ఆ రెండుని అలాగే వదిలేసి నీళ్ళు పారబోశాను.