కిటికీ చుట్టూ ఒక అతుకు

సిరిసిల్ల నుంచి సాంచాల పనికని, అంటే మరమగ్గాల మీద నేతకని, సూరత్ వచ్చినవాళ్ళలో మార్కండేయ ఒకడు. ఆ మోత పడక, ఏడాది తిరక్కుండానే సాంచాలు బాగుచేసే షెడ్డులో చేరి వెల్డింగ్ నేర్చుకున్నాడు. యాభై రెండేళ్ళు వచ్చేసరికి సూరత్ పక్కనున్న హజీరాలోని ఓ చిన్న వర్క్‌షాపులో అల్యూమినియం అతకడానికి అతన్ని మించినవాడు లేడు. ఊరి శివారున ఉన్ అనే పేటలో ఒక్క గది ఇల్లు. భార్య భూదేవి రింగ్ రోడ్ మార్కెట్ల నుంచి వచ్చే చీరలకు ఇంట్లో కూర్చుని రాళ్ళు అంటించేది.

కరోనా వచ్చిన ఏడాది, లాక్‌డౌన్ సడలించాక, ఆ వర్క్‌షాపుకు కొత్త రకం పని వచ్చింది. మనుషుల్ని అంతరిక్షానికి తీసుకెళ్ళి, కిందికి దించి, మళ్ళీ మళ్ళీ వాడుకోగల నౌకకు నమూనా కట్టాలి. అది ఎగిరేది కాదు, నేల మీద పరీక్షించి చూసుకునేది. పని చూసుకోవడానికి సాయిప్రియ అనే ఇంజనీరు బెంగళూరు నుంచి వచ్చింది. ఆమెది విజయవాడ. జబ్బు లోపలికి రాకూడదని అందరినీ ఆరు వారాలు వర్క్‌షాపు ఆవరణలోనే ఉంచారు.

"జర సమజయ్యేటట్టు చెప్పుండ్రి మేడం. ఏం చేస్తున్నమో తెల్వకుంటే నా చెయ్యి ఆడది" అన్నాడు మార్కండేయ మొదటి రోజే.

ఆమె నవ్వి, నేల మీద సుద్దముక్కతో గీసింది. "ఇది లోపలి గది. మనుషులుండేది ఇందులోనే. బయట గాలే ఉండదు కాబట్టి లోపల గాలిని బిగించి పట్టుకోవాలి. దాని చుట్టూ ఇంకో పెంకు. రెండింటి మధ్యన గాలి సిలిండర్లు, బ్యాటరీలు, తీగలు, నౌకను అటూ ఇటూ తిప్పే చిన్న ఇంజన్లు. అడుగున, తిరిగొచ్చేటప్పుడు మంటను తట్టుకునే కవచం. పైన పారాచూట్లు."

"లోపల ఫ్యాన్లు ఎందుకు గిన్ని?"

"అక్కడ బరువుండదు కదండీ, వేడిగాలి పైకి పోదు. ఫ్యాన్ ఆగితే, పడుకున్న మనిషి వదిలిన ఊపిరి ఆ ముఖం దగ్గరే నిలిచిపోతుంది. దాన్నే మళ్ళీ పీల్చుకోవాలి. అందుకే గాలిని కదిలిస్తూ, చెడుగాలిని డబ్బాల్లోని మందుతో పీల్చేస్తూ ఉండాలి."

ఆ మాట మార్కండేయ మనసులో నాటుకుపోయింది. ఆ రోజు నుంచి గదిలోకి చెప్పులతో దిగలేదు.

నాలుగో వారంలో ఓ మధ్యాహ్నం, కిటికీ చట్రాన్ని గోడకు అతికే పని మొదలుపెట్టబోతుండగా భూదేవి ఫోను చేసింది. జ్వరమట. వాసన తెలియడం లేదట. పక్కింటి లింగవ్వ గడప దగ్గర బువ్వ పెట్టి పోతోందట. "నువ్వు రాకు. వచ్చినా తలుపు తియ్య" అంది.

అతను సూపర్‌వైజరుకు చెప్పలేదు. చెబితే పని ఆగుతుందని భయం. వెల్డింగ్ ముసుగు ముఖం మీదికి దించి, టార్చి పట్టాడు. కిటికీ ఎడమ మూల దగ్గర చెయ్యి ఒక్క క్షణం వణికింది. మెరుపు చెదిరింది. మళ్ళీ సర్దుకుని పూర్తిచేశాడు. పైకి అతుకు అందంగానే ఉంది. అతుకు లోపల చూడడానికి తీసే ఎక్స్‌రేలోనూ ఏమీ కనపడలేదు.

ఆరు వారాలు ముగిసి ఇంటికి వెళ్ళేసరికి భూదేవి కోలుకుంది. చిక్కిపోయింది, ఆయాసం మాత్రం ఇంకా ఉంది. చాలా రోజులకు ఎదురెదురుగా కూర్చుని తింటుంటే అతను మధ్యలోనే కంచం పక్కకు జరిపేశాడు.

"గదేంది, నేను బతికిన గదా, ఇంక దేనికి ఏడ్పుమొకం?"

చెప్పాడు. ఆ మూల, ఆ వణుకు, అన్నీ చెప్పాడు. "ఎక్స్‌రేల పాసైంది. ఎవ్వలకు తెల్వది."

"నీకు తెల్సు గదా!" అంది భూదేవి. కాసేపు ఊపిరి తీసుకుని, "నాకు జ్వరమొచ్చినప్పుడు గాలి ఆడక ఎట్లయ్యిందో నాకే ఎరుక. రేపు పోయి చెప్పు. నా జ్వరం పేరు జెప్పి తప్పు దాచుకోకు" అంది.

మర్నాడు సాయిప్రియ ముందు నిలబడి తల వంచుకుని చెప్పాడు. ఆమె మరో పరికరం తెప్పించి, ఆ మూలను వేరే కోణంలో పరీక్ష చేయించింది. గోరంత పొడవున లోహం లోపల కలవలేదని తేలింది.

మార్కండేయ ముఖం పాలిపోయింది. "కొలువు పోతదా మేడం?"

"మీరు చెప్పకపోతే మాకెలా తెలిసేదండీ?" ఆమె గొంతు మెత్తబడింది. "ఒక్కసారి వెళ్ళొచ్చే నౌకైతే ఇది నిలబడేదేమో. మనం కడుతున్నది పదేపదే వెళ్ళే నౌకకు నమూనా. బయట గాలి లేని చోటికి వెళ్ళిన ప్రతిసారీ గది వెంట్రుకవాసి ఉబ్బుతుంది, దిగాక ముడుచుకుంటుంది. ఆ చిన్న సందు ప్రయాణానికింత పెరిగేది. మీ ఆవిడకు ఒంట్లో బాగాలేదని ఆ రోజే చెప్పాల్సింది. పని రేపు చేసుకునేవాళ్ళం."

అతను ఆ మూలను కోసేసి, రెండు రోజులు తీసుకుని మళ్ళీ అతికాడు. తర్వాత గదిలో గాలి నింపారు, తీశారు, మళ్ళీ నింపారు. మూడు వారాల్లో వందలసార్లు. ఎక్కడా రవ్వంత గాలి కూడా పోలేదు. చివరి రోజు సాయిప్రియ గాలి ఒత్తిడి కొలిచే మీటరు ముల్లు చూపించి "కదల్లేదు చూడండి" అంటే, అతను కళ్ళు తుడుచుకోవడానికి పక్కకు తిరిగాడు.

నమూనా లారీలో వెళ్ళిపోయిన మర్నాడు ఆమె ఉన్‌కు భోజనానికి వచ్చింది. భూదేవి జొన్నరొట్టె, చింతకాయ తొక్కు పెట్టింది. తిన్నాక, "మా ఆయన అంతగనం చెప్తడు, గా గది ఎంతుంటది బిడ్డా?" అని అడిగింది.

సాయిప్రియ ముగ్గుపిండి అడిగి తీసుకుని, వాకిట్లో అడుగులు కొలిచి గుండ్రంగా గీత గీసింది. భూదేవి కొంగు సర్దుకుని నడిమధ్యన కూర్చుంది. లింగవ్వను కూడా పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. ఇద్దరూ మోకాళ్ళు ముడుచుకుని, చేతులు చాచి అటూ ఇటూ కొలుచుకున్నారు.

"వంట యాడ చేస్కుంటరు?"

"వంట ఉండదమ్మా. ప్యాకెట్లలోదే వేడి చేసుకుని తింటారు."

"అయ్యో, తొక్కు గూడ లేకుంటనా!" అంది భూదేవి. మార్కండేయ గడప మీద కూర్చుని, చాలా నెలల తర్వాత గట్టిగా నవ్వాడు.